పిడుగు టీవీ నాలుగో కుర్చీ

మా పిడుగు టీవీ చర్చా వేదిక మీద నాలుగు కుర్చీలుంటాయి. మూడింట్లో మనుషులు కూర్చుంటారు, నాలుగోదాంట్లో రాక్షసుడు కూర్చుంటాడు. ఆ రాక్షసుణ్ణి ఫోన్లో బతిమాలి, కారు పంపి, కాఫీ ఇచ్చి, వేళకు కుర్చీలో కూర్చోబెట్టే ఉద్యోగం నాది. అతిథుల సమన్వయకర్త అంటారు. పేరు సుభాషిణి.

ఈ ఏర్పాటు ఎవరో మేధావి కూర్చుని ఆలోచించి చేసిందని బయటివాళ్లు అనుకుంటారు. మాకంత తీరికెక్కడిది? ఒకరోజు నాలుగో కుర్చీ పైనుండే లైటు మాడిపోయింది. ఎలక్ట్రీషియన్ తిరుపతి వెళ్లాడు. ఆ రోజు అతిథి చుండ్రు నివారణ గురించి చెప్పడానికి వచ్చిన హోమియో డాక్టరు. పైన వెలుగు లేకపోవడంతో, బల్ల ముందు పరిగెత్తే వార్తల పట్టీ ఎరుపంతా కింది నుంచి ఆయన మొహం మీద పడింది. కళ్ల కింద గుంటలు, ముక్కు పక్కన నీడలు, పాపం చిరునవ్వు నవ్వితే కోరలు కనబడ్డట్టుంది. మా యాంకరు ప్రభంజన్‌కి ఆ మొహం చూడగానే ఎక్కడలేని ఆవేశం పుట్టుకొచ్చింది. జుట్టు రాలిపోతున్న లక్షలాది యువతకు ఏం సమాధానం చెబుతారని బల్ల గుద్దాడు. జనం ఫోన్ల మీద ఫోన్లు చేశారు, వాణ్ణి వదలొద్దని.

ఆ వారం వచ్చిన రేటింగు మా ఛానెల్ పుట్టి బుద్ధెరిగాక చూడనిది. ఎలక్ట్రీషియన్ తిరుపతి నుంచి వచ్చి, గుండుతోనే నిచ్చెనెక్కి లైటు బాగుచేశాడు. రేటింగు పడిపోయింది. యాజమాన్యం అతనికి మెమో ఇచ్చి, లైటు మళ్లీ పీకించింది. అప్పటినుంచి అది వెలగకుండా చూసుకోవడమే అతని బాధ్యత. శ్రద్ధగా చేస్తాడు. ఉత్తమ ఉద్యోగి బహుమతి కూడా వచ్చింది.

తర్వాత గ్రాఫిక్స్ విభాగం రంగంలోకి దిగింది. మామూలు రోజుల్లో నాలుగో కుర్చీ మనిషి తల వెనక కొమ్ములు, పండగలకు కోరలు, ఎన్నికలప్పుడు రెండూ. ఇందులో ఎవరి మీదా మాకు కోపతాపాలు లేవు, ఆ మాట ప్రమాణం చేసి చెప్పగలను. నిన్న నాలుగో కుర్చీలో దేశద్రోహిగా కూర్చున్న నాయకుడు ఇవాళ పార్టీ మారి మొదటి కుర్చీకి వస్తే, ప్రభంజన్ లేచి నిలబడి నమస్కారం పెడతాడు. కాఫీ మాత్రం ఇద్దరికీ ఒకే ఫ్లాస్కులోదే.

ఇలాంటి మంచి పద్ధతి ప్రభుత్వం కంట పడకుండా ఎంతకాలం ఉంటుంది? ప్రజాచర్చల సంచాలకులు ఉమాకాంతరావు గారు టేపు పట్టుకుని మా స్టూడియోకి వచ్చారు. కుర్చీ ఎత్తు కొలిచారు, లైటు లేని చోటు కొలిచారు, తాము కూడా ఒకసారి కూర్చుని, అద్దంలో చూసుకుని, చటుక్కున లేచారు. తర్వాత ఉత్తర్వు వచ్చింది. "ప్రజాస్వామ్య వ్యవస్థయందు ప్రతిపక్షము యొక్క ఆవశ్యకతను దృష్టియందుంచుకొని, సదరు ప్రతిపక్షమును సామాన్య ప్రజలు శ్రమలేకుండా గుర్తించు నిమిత్తము, అన్ని సమావేశములయందు నాలుగవ ఆసనమును ప్రయోగాత్మకముగా నెలకొల్పవలసినదిగా ఆదేశించడమైనది." ప్రయోగం ఫలిస్తే చట్టం చేస్తారని చివర్లో ఒక వాక్యం.

ఫలించక చస్తుందా? బడుల్లో తల్లిదండ్రుల సమావేశానికి ఆలస్యంగా వచ్చినవాళ్లకు నాలుగో కుర్చీ మిగిలేది కాబట్టి అందరూ తెల్లారకముందే గేటు దగ్గర నిలబడేవాళ్లు. హాజరు పెరిగిందని విద్యాశాఖ సంబరపడింది. మా అపార్ట్‌మెంటు సంఘంలో లిఫ్టు ఎప్పుడు బాగుచేయిస్తారని అడిగిన రిటైర్డు టీచరమ్మను నాలుగో కుర్చీలో కూర్చోబెట్టి, కింద ఎర్ర బల్బు పెట్టారు. ఆవిడ మొహం చూశాక, అలాంటి మనిషి కోరే లిఫ్టు మనకెందుకని అందరం మెట్లెక్కుతున్నాం. నాకు మోకాళ్ల నొప్పులే, అయినా ఐకమత్యం బాగుంది.

అలాంటి రోజుల్లో బొడ్డపాటి వీరభద్రం గారు మా స్టూడియోకి వచ్చారు.

నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. మాసిన గుడ్డసంచి, తోమితోమి అరిగిన కళ్లజోడు. ఆ రోజు చర్చ కోనమెట్ట చెరువు గురించి. ఏడాది కిందట ఆ చెరువు గట్టును సుందరీకరించారు. నడక దారి వేశారు, రంగు లైట్లు పెట్టారు, గట్టును లోతుగా తవ్వి వరసగా ఖర్జూరపు చెట్లు నాటారు, 'ఐ లవ్ కోనమెట్ట' అని మనిషెత్తు అక్షరాలు నిలబెట్టారు. ఆ అందం మా ఘనత అంటే మా ఘనత అని రెండు పార్టీలూ కొట్టుకుంటున్నాయి. పాలక పక్షం ప్రతినిధికి మొదటి కుర్చీ, రాజకీయ విశ్లేషకుడికి రెండోది, వీరభద్రం గారికి మూడోది, ప్రతిపక్షం ప్రతినిధికి నాలుగోది అని నేను ఖరారు చేసుకున్నాను. తీరా మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రతిపక్ష ప్రతినిధి పార్టీ మారాడు. మెడలో కొత్త కండువాతో దర్జాగా వచ్చి మూడో కుర్చీలో కూర్చున్నాడు.

మిగిలింది నాలుగోది.

కోనమెట్ట పేరు వింటే నాకు గుండె కొంచెం మెత్తబడుతుంది. అమ్మ పోయాక నన్ను పెంచిన పెద్దమ్మ అక్కడే ఉంటుంది, చెరువు దిగువన గట్టుకింద కాలనీలో. మేకప్ గదిలో ఆ మాట చెబితే వీరభద్రం గారు మొహానికి పౌడరు అద్దించుకుంటున్నవారల్లా చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. సంచిలోంచి గాజు సీసా తీశారు. అందులో ఎర్రమట్టి నీళ్లు.

"మీ పెద్దమ్మగారి వీధి చివర, గట్టు అడుగున పట్టానమ్మా ఇది. గట్టన్నాక ఊట ఉంటుంది. తేట నీళ్లు ఊరితే భయం లేదు. మట్టి నీళ్లొస్తున్నాయంటే లోపల గట్టును నీరు తినేస్తోందని. చెట్ల కోసం తవ్విన గుంటల్లోంచి దిగింది. ఈ వానాకాలం చెరువు నిండితే ఆగదు," అన్నారు.

ఆఫీసులో చెప్పలేదా అని అడిగాను. చెప్పారట. ఫిర్యాదు కూడా ప్రజాచర్చ కిందికే వస్తుందని ఉమాకాంతరావు గారి కార్యాలయం నుంచి జవాబు కూడా వచ్చిందట: గట్టు పటిష్ఠముగా ఉన్నదని ప్రారంభోత్సవ శిలాఫలకముపై చెక్కబడి ఉన్నందున, ప్రత్యేక పరిశీలన అనవసరమని. ఈలోగా ఫ్లోర్ మేనేజరు కేకేశాడు. ఆయన్ను నడిపించుకెళ్లి నాలుగో కుర్చీ చూపించాను. నా ఉద్యోగం అదే కదా.

"వీరభద్రం గారూ, కోనమెట్ట గట్టంటే మీకెందుకంత ద్వేషం?" ప్రభంజన్ మొదటి ప్రశ్న.

ద్వేషం లేదు, నాకు ఉద్యోగమిచ్చిన మొదటి చెరువు అదే అని ఆయన మొదలుపెట్టారు. మొదటి కుర్చీ లేచి, ఊరి అందం చూసి ఓర్వలేకపోతున్నాడంది. రెండో కుర్చీ దీని వెనక పక్క రాష్ట్రం హస్తముందంది. మధ్యాహ్నం దాకా ప్రతిపక్షంలో ఉన్న మూడో కుర్చీ అందరికంటే గట్టిగా అరిచింది, కొత్త కోడలు పని ఎక్కువ చేస్తుంది కదా. ఆ గోలలో ఇక మాటలతో లాభంలేదనుకుని వీరభద్రం గారు సీసా పైకెత్తి చూపించారు.

కింది నుంచి ఎర్రటి వెలుగు. సీసాలో ఎర్రమట్టి నీళ్లు. మా గ్రాఫిక్స్ విభాగానికి కొమ్ములు పెట్టే అవసరం కూడా లేకపోయింది. 'స్టూడియోలో రక్తపు సీసా' అని పట్టీ పరిగెత్తింది.

మర్నాటికి ఆయన పేరు రక్తపు సీసా. కోనమెట్ట కూడలిలో దిష్టిబొమ్మ తగలబెట్టారు. ఆయన వీధిలో పాలవాడు పాలు పొయ్యడం మానేశాడు. గట్టుకు సంఘీభావంగా గట్టు మీదే భారీ మానవహారం జరిపారు. అంతమంది ఒక్కసారి ఎక్కి గంతులేస్తే గట్టుకేమవుతుందో చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన అప్పుడు ఇంటి తలుపులు వేసుకుని లోపల కూర్చున్నాడు.

అల్పపీడనం పట్టుకుంది. వాన వదలకుండా కురుస్తోంది. చెరువు నిండుతోందని మా విలేకరి సంతోషంగా చెబుతున్నాడు, వెనకాల రంగు లైట్లు మెరుస్తుండగా. నేను ఉండబట్టలేక పెద్దమ్మకు ఫోన్ చేశాను. నాలుగు రోజులు నా దగ్గరికి వచ్చి ఉండమన్నాను.

"ఏమే సుభా, ఆ రక్తపు సీసా గాడి మాట విని ఇల్లొదిలి రమ్మంటావా? వాడి మొహం చూశావుటే నువ్వు?" అంది పెద్దమ్మ.

ఆ మొహం అలా కనబడడానికి కారణం మాడిపోయిన లైటని చెప్పాను. పెద్దమ్మ నమ్మలేదు. లైటు పోతే కోరలు వస్తాయా అంది. అదీ నిజమే, నేను కూడా ఎవరైనా చెబితే నమ్మను.

"వాడు చెడిందన్నాడంటే చెరువు నిక్షేపంలా ఉన్నట్టే. వాడి నోట బాగుందన్న మాట వచ్చిన రోజు చెప్పు, ఆ క్షణమే మూట కట్టుకుంటా. మా వీధి వీధంతా అదే అనుకుంటున్నాం," అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత గొడుగేసుకుని వీరభద్రం గారింటికి వెళ్లాను. పెద్దమ్మ అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

"సర్వీసంతా ఒక్క కొలత తప్పు రాయలేదమ్మా. బదిలీలు చేశారు గానీ రాయలేదు. ఇప్పుడు ఊరందరి ముందు అబద్ధమాడమంటారు," అన్నారు ఆయన. కళ్లజోడు తుడుచుకున్నారు. "షో ఎన్నింటికి?"

రక్తపు సీసా మళ్లీ వస్తున్నాడంటే ప్రభంజన్ ఆనందానికి హద్దులేదు. మర్నాడు పొద్దుటినుంచీ ప్రోమోలు వేశారు. రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. వీరభద్రం గారు వచ్చి, ఎవరూ చూపించకుండానే నాలుగో కుర్చీ దగ్గరికి వెళ్లి, దాన్ని కొంచెం ముందుకు జరుపుకున్నారు, ఎరుపు మొహం మీద బాగా పడేటట్టు.

"కోనమెట్ట గట్టు రాయిలా ఉంది. నేను పొరబడ్డాను," అన్నారు. "చెరువు నిండినా ఏమీ కాదు. ఎవ్వరూ ఇళ్లు కదలొద్దు. ముఖ్యంగా గట్టుకింద కాలనీవాళ్లు. ముసలివాళ్లనీ పిల్లల్నీ ముందుగా తరలించడం శుద్ధ దండగ. మెరక మీద జూనియర్ కాలేజీ ఉంది, గదులు ఖాళీగా ఉన్నాయి, అక్కడికి అసలే పోవద్దు. గొడ్ల కట్లు విప్పొద్దు. ఇవాళ రాత్రికి అందరూ హాయిగా నిద్రపోండి."

ప్రభంజన్ తన ప్రశ్నల కాగితం తిరగేసి మరగేసి చూసుకున్నాడు. మొదటి కుర్చీలోని పాలక పక్షం ప్రతినిధి మాత్రం అనుభవజ్ఞుడు. నాలుగో కుర్చీ ఏమంటే దానికి అడ్డం తిరగడమే ఆయనకు తెలిసిన రాజకీయం. బల్ల మీద గుద్ది లేచాడు.

"ఎవర్ని మోసం చేస్తారండీ మీరు? గట్టు రాయిలా ఉందా? నిద్రపోమంటారా? కోనమెట్ట ప్రజల్ని నిద్రలో ముంచేసే కుట్ర ఇది. మా ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు. ఒక్క మనిషి కూడా ఆ కాలనీలో ఉండడానికి వీల్లేదు."

ప్రభుత్వం నోటి నుంచి మాట వచ్చేసింది. ఉమాకాంతరావు గారు ఆ మాటను తెలుగు గ్రాంథికంలోకి మార్చి, 'గట్టు పటిష్ఠతపై దుష్ప్రచారమును తిప్పికొట్టు నిమిత్తము కాలనీని తక్షణము ఖాళీ చేయించవలసినదిగా' ఉత్తర్వు ఇచ్చారు. బస్సులు కదిలాయి. ఆ బస్సుల అవసరం కూడా పెద్దగా లేకపోయింది. రక్తపు సీసా బాగుందన్నాడని తెలిసిన మరుక్షణం వీధులకు వీధులు మూటాముల్లే సర్దుకుని మెరక ఎక్కేశాయి. పెద్దమ్మ అందరికంటే ముందు, చంకలో పిల్లి, చేతిలో పచ్చడి జాడీ.

తెల్లవారుజామున గట్టు తెగింది. మూడో ఖర్జూరపు చెట్టు దగ్గర మొదలై, 'ఐ లవ్' అన్న అక్షరాలన్నీ పట్టుకుపోయి, 'కోనమెట్ట' దగ్గర ఆగింది. కాలనీలో గోడలు మిగల్లేదు. మనుషులు మాత్రం అందరూ మిగిలారు. పెద్దమ్మ గొంతు ఫోన్లో విన్నాక నేను మేకప్ గదిలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

అంత మేలు జరిగాక విచారణ జరగకపోతే బాగుండదు. ఏకసభ్య సంఘం వేశారు, ఆ ఏక సభ్యుడు ఉమాకాంతరావు గారే. సభ్యుడొక్కడే అయినా నిబంధన ప్రకారం నాలుగు కుర్చీలు వేశారు. విచారణ మా ఛానెల్లోనే ప్రత్యక్ష ప్రసారం కాబట్టి నేనే వెళ్లి వీరభద్రం గారిని తీసుకొచ్చాను. ఆయన అలవాటుగా నాలుగో దాంట్లో కూర్చున్నారు.

"మీరు ఫలానా తేదీన, సదరు గట్టు రాయివలె ఉన్నదని వాక్రుచ్చితిరా, లేదా?" అని అడిగారు ఉమాకాంతరావు గారు.

అన్నానని ఒప్పుకున్నారు. అంతకుముందు గట్టు తెగుతుందని కూడా చెప్పాను కదా అన్నారు. ఆ మాట సంఘం పరిశీలనాంశములలో లేదని ఉమాకాంతరావు గారు తోసిపుచ్చారు. గట్టు రాయిలా ఉందన్నాడు, గట్టు తెగింది, కనుక అబద్ధమాడాడు. ప్రభుత్వ ప్రతినిధి చాకచక్యంగా ప్రజల్ని కాపాడకపోతే ఎంత ప్రాణనష్టం జరిగి ఉండేదో అని సంఘం విచారం వ్యక్తం చేసింది. పింఛను నిలిపివేయాలని సిఫార్సు చేసింది. వీరభద్రం గారు తలూపారు. ఆయన పింఛను గురించి ఆలోచిస్తున్నట్టు నాకనిపించలేదు.

చివరగా ఉమాకాంతరావు గారు ఇంకో కాగితం తీశారు. నాలుగవ ఆసనాన్ని శాశ్వతం చేసే బిల్లు సభ ముందుంది. ప్రజాభిప్రాయ సేకరణలో భాగంగా, ఆ ఆసనమును విశేషముగా అధిరోహించిన వ్యక్తిగా తమరి అభిప్రాయమేమిటని అడిగారు.

వీరభద్రం గారు కెమెరా పక్కన నిలబడి ఉన్న నావైపు ఒకసారి చూశారు. ఆ చూపు నాకర్థమైంది. ఈ దెబ్బతో కుర్చీ పీడ విరగడైపోతుందనుకున్నాను. ఆయన కుర్చీని మళ్లీ కొంచెం ముందుకు జరుపుకున్నారు. ఎరుపు నిండుగా పడింది.

"చాలా గొప్ప ఏర్పాటండి," అన్నారు. "ఇలాంటి కుర్చీ ప్రతి ఊళ్లో, ప్రతి ఇంట్లో ఉండాలి. ఎప్పటికీ తీయకూడదు. ఎవరు ఏం చెబుతున్నారో వినే శ్రమ తప్పుతుంది. ఎక్కడ కూర్చున్నారో చూస్తే చాలు."

చెప్పి చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను జనం ఫోన్ల కోసం ఎదురుచూశాను. వాడు మంచిదన్నాడంటే కుర్చీలో ఏదో మోసముంది, వెంటనే తీసేయండి అని గోల చేస్తారనుకున్నాను. ఫోన్లు వచ్చాయి, కుర్చీ ఉండి తీరాలని. చప్పట్లు కూడా వినబడ్డాయి. ఉమాకాంతరావు గారు కళ్లు ఒత్తుకున్నారు. ప్రభంజన్ గద్గద స్వరంతో, రాక్షసుడి మనసును సైతం కరిగించిన కుర్చీ అన్నాడు. సభలో బిల్లు ఏకగ్రీవంగా నెగ్గింది.

ఆ ఆదివారం పెద్దమ్మను చూడడానికి కోనమెట్ట జూనియర్ కాలేజీకి వెళ్లాను. బల్లల మధ్య చాప పరుచుకుని పిల్లికి అన్నం పెడుతోంది. గోడ మీది టీవీలో వీరభద్రం గారి ముక్కలే మళ్లీ మళ్లీ వేస్తున్నారు. నిన్ను బతికించింది ఆ మనిషే పెద్దమ్మా అని మొదలుపెట్టి, సీసా సంగతి, గట్టు సంగతి, ఆయన ఎందుకు అబద్ధమాడాడో మొత్తం చెప్పాను. కుర్చీ గురించి అన్న చివరి మాట కూడా అబద్ధమేనని చెప్పాను. పెద్దమ్మ అన్నం కలిపే చెయ్యి ఆపి, నా మొహంలోకి అనుమానంగా చూసింది.

"వాడి మాట వినకపోబట్టి బతికామే పిచ్చిదానా. వాడు పుట్టి బుద్ధెరిగి ఒక్కటంటే ఒక్క నిజం చెప్పాడు, మొన్న ఆ కుర్చీ గురించి," అంది. "అంతటి దుర్మార్గుడికే మంచిదనిపించిందంటే, అది నిజంగా మంచిదే అయ్యుంటుంది."